రసమా, రసాభాసమా? : స్వలింగ ప్రేమకథల విషయంలో ఒక పాఠకుని అసంతృప్తి

సాహిత్యంలో నిరాశ రెండు విధాలు. రచన తన లక్ష్యాన్ని అందుకోలేకపోవడం వలన కలిగేది మొదటిది. రచన అసలు ఆ లక్ష్యాన్ని పెట్టుకోనే లేదని తెలిసినప్పుడు కలిగేది రెండవది. ఇద్దరు పురుషుల మధ్య, లేదా ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమను వస్తువుగా తీసుకొన్న భారతీయ కథలను, నవలలను వరుసగా చదివిన పాఠకునికి కలిగే నిరాశ చాలవరకు రెండవ తరగతికి చెందినది. ప్రేమకథ చదువుతున్నామని పుస్తకం తెరుస్తాము. మూసేసరికి ఒక ధర్మోపదేశమో, ఒక రోగ నివేదికో, ఒక మరణ వార్తో చేతిలో మిగులుతుంది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి ఖరగ్‌పూర్ వంటి పట్టణం అనువైన చోటు. బెంగాల్-నాగపూర్ రైల్వే కర్మాగారం నాటి నుండి ఉత్తరాంధ్ర జిల్లాల వారు ఇక్కడ తరతరాలుగా స్థిరపడ్డారు. పట్టణానికి చేరువలోని సాలువాలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళం మూలంగా నేపాలీ భాషీయులు ఉన్నారు. ఇక్కడి తెలుగు పాఠకుడు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, పనిలో హిందీ వింటూ పెరుగుతాడు. ఒకే వస్తువును నాలుగైదు భాషల వారు ఎలా నడిపారో పోల్చి చూసే అవకాశం అతనికి సహజంగానే లభిస్తుంది.

ఆధునిక హిందీలో ఈ వస్తువుకు తొలి ప్రసిద్ధి కలిగినది కలకత్తాలోనే. పాండేయ బేచన్ శర్మ 'ఉగ్ర' రాసిన 'చాక్లెట్' కథ 1924లో అక్కడి 'మత్‌వాలా' పత్రికలో వచ్చింది. అదే పేరుతో 1927లో కథల సంపుటం వెలువడింది. మన చలం 'మైదానం' కూడా ఆ కాలపు రచనే. ఉగ్ర తన కథలను ఒక దురాచారంపై దండయాత్రగా చెప్పుకొన్నాడు. బనారసీదాస్ చతుర్వేది వంటివారు వాటిని అశ్లీలమని ఖండించగా, గాంధీజీ చదివి రచయిత ఉద్దేశంలో దోషం లేదన్నారు. కాని నేటి పాఠకునికి ఆ కథలలో తోచే విశేషం వేరు. కథకుడు నిందిస్తూనే ఉంటాడు. పాత్రలు మాత్రం కవితలు ఉటంకిస్తూ, తమ ప్రేమను సమర్థించుకొంటూ, ఉత్సాహంగా మాట్లాడుతుంటాయి. ఉపదేశం వెలవెలబోయి పాత్రల గొంతు నిలిచిపోతుంది. రచయిత కోరని చోట రసం తొంగిచూసింది. కోరిన చోట నీతి మాత్రమే మిగిలింది.

1942లో ఇస్మత్ చుగ్తాయీ ఉర్దూలో రాసిన 'లిహాఫ్' శిల్పంలో దీనికన్నా ఎంతో ఉన్నతమైనది. అర్థం కాని దృశ్యాన్ని ఒక బాలిక చూసి చెప్పడం ధ్వనికి మేలైన ఉదాహరణ. లాహోరు న్యాయస్థానంలో అశ్లీలతా నేరం నిలువకపోవడానికి కూడా ఆ నిగ్రహమే తోడ్పడింది. అయినా అది ప్రేమకథ కాదు. అక్కడ ఉన్నది ఉపేక్షకు గురైన భార్య ఏకాంతం, ఒక బాలిక భయం. 1966 నాటి రాజకమల్ చౌధరి హిందీ నవల 'మఛ్లీ మరీ హుయీ' కలకత్తా నేపథ్యంలోనే నడిచింది. అది స్త్రీల పరస్పరానురాగాన్ని వికృతిగా భావించి, చివరకు పురుషునితోడి సంబంధంలో దానికి చికిత్స చూపించింది. 1981లో విజయ్ తెండూల్కర్ మరాఠీ నాటకం 'మిత్రాచీ గోష్ట' సానుభూతితో రాసినదే. అందులోనూ మిత్రకు దక్కినది ఆత్మహత్య. ఖండించినవారు, జాలిపడినవారు ఇద్దరూ పాత్రను ఒకే గమ్యానికి చేర్చారన్నది ఇక్కడ గమనించదగిన సంగతి.

దీనిని మన అలంకారశాస్త్ర పరిభాషలో స్పష్టంగా చెప్పవచ్చు. విప్రలంభానికీ, కరుణకూ భేదం చెబుతూ భరతుడు మొదటిది సాపేక్షమనీ, రెండవది నిరపేక్షమనీ నిర్ణయించాడు. విప్రలంభంలో కన్నీరు ఉంటుంది, కాని పునస్సమాగమపు ఆశ చావదు. ఆ ఆశ పోయిన క్షణాన అది కరుణ అవుతుంది. మన రచయితలు స్వలింగ ప్రేమను చిత్రించినప్పుడల్లా మొదటి పుటలోనే ఆశను తుడిచివేశారు. కాబట్టి వారు రాసినది శృంగారం కాజాలదు. ఫలితం ముందే తెలిసిన పాఠకుడు వేచి చూడడు. వేచి చూడనివానికి ఉత్కంఠ లేదు. ఉత్కంఠ లేనిదే విప్రలంభం లేదు. ఇది నైతిక సమస్య కాదు, నిర్మాణ సమస్య.

ఇటువంటి ప్రేమ ఎంత చక్కగా రాసినా రసాభాసమే కదా అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. ఏకపక్షానురాగాన్ని, పాత్రోచితం కాని రతిని లాక్షణికులు ఆ కోవలో చేర్చిన మాట నిజమే. అయితే ఔచిత్యం లోకవ్యవహారాన్ని అనుసరించి మారేది. మన తెలుగువాడైన జగన్నాథ పండితరాయలే 'రసగంగాధరం'లో ఆభాసం రసమవుతుందా కాదా అన్న ప్రశ్నను చర్చకు పెట్టాడు. ఉభయుల అనురాగం సమానమై, విభావానుభావాలు పుష్టిగా ఉన్నప్పుడు సహృదయుని చిత్తం ద్రవిస్తుందా లేదా అన్నదే పరీక్ష. వస్తువు అనుచితమని కాదు, పోషణ చాలలేదని ఈ వ్యాసం ఫిర్యాదు.

1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ వయోజనుల పరస్పర అంగీకార సంబంధాలకు వర్తించదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంతకు ముందూ, ఆ తరువాతా ఈ వస్తువుతో పుస్తకాలు పెరిగాయి. మరణానికి బదులు మంగళాంతం వచ్చింది. నిరాశ మాత్రం తొలగలేదు, రూపు మార్చుకొంది.

కొత్త ప్రణయకథలలో తరచుగా కనిపించే లోపం అచ్చు మార్పిడి. మన వారపత్రికల పాఠకులకు యద్దనపూడి సులోచనారాణి నాయకుడు చిరపరిచితుడు: సంపన్నుడు, అభిమాని, పైకి కఠినుడు, లోపల కోమలుడు. ఆ చట్రాన్ని అలాగే ఉంచి, నాయిక స్థానంలో మరొక యువకుణ్ణి నిలిపినంత మాత్రాన కొత్త కథ పుట్టదు. ఆ నవలలలో నాయికకు అత్తింటి భయం, ఆర్థిక పరాధీనత, మాట పడలేని ఆత్మగౌరవం ఉండేవి. వాటినుండే సంఘర్షణ పుట్టేది. అవి తొలగించి రూపవర్ణన మాత్రమే ఉంచితే మిగిలేది బొమ్మలకొలువు.

రెండవ లోపం అరువు తెచ్చుకొన్న సంఘర్షణ. పాశ్చాత్య నవలలో ఇద్దరు పురుషులు చేయి పట్టుకొని నడిస్తే అదొక ప్రకటన. మన ఊళ్లలో అది ప్రతి సాయంత్రపు దృశ్యం. రైల్వే క్వార్టర్లో ఇద్దరు అవివాహితులు ఒకే గది పంచుకొంటే పొరుగువారు వేలెత్తి చూపరు, పొదుపరులని మెచ్చుకొంటారు. అనుమానం కాదు, సంబంధం మనవాళ్లకు ముంచుకొచ్చే విపత్తు. పెద్దలు పిల్లను చూసి వచ్చిన రోజునే అసలు కథ మొదలవుతుంది. ఈ తేడా గుర్తించని రచనలలో పాత్రలు లేని కళ్లకు భయపడుతూ, ఉన్న చిక్కును చూడక తిరుగుతాయి. వివాహంతో ముగించే రచయితలు మరొక వాస్తవాన్ని దాటవేస్తారు. ఇట్టి వివాహాలకు చట్టబద్ధత కల్పించడానికి 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు నిరాకరించింది. మంగళాంతం రాయవచ్చు, కాని ఆ మంగళం ఏ తావున, ఎవరి సమక్షంలో, ఎంత మూల్యానికి సాధ్యమయిందో చెప్పవలసిన బాధ్యత రచయితదే.

మూడవది భాషాలోపం. తెలుగులో అనురాగం ముందుగా సంబోధనలో తెలుస్తుంది. 'మీరు' 'నువ్వు'గా మారే ఘట్టం ఒక అధ్యాయానికి సరిపోతుంది. మిత్రులు పరిహాసానికి పిలుచుకొనే 'బావా' అన్న మాటలో మేనరికపు చనువు, సరసం రెండూ దాగి ఉన్నాయి. అదే పిలుపు ఒకనాడు పరిహాసం కాకుండా పోతే? ఇంతటి సంపద చేతిలో ఉండగా పాత్రల చేత అనువాద వాక్యాలలో ప్రేమ ప్రకటింపజేయడం చూస్తే విచారం కలుగుతుంది.

సఫలమైన రచనలు లేవని కాదు. ఇ.ఎం. ఫార్‌స్టర్ 'మారిస్' నవలను 1913-14లో రాసి, దానికి సుఖాంతమే ఉండాలని పట్టుబట్టాడు. అది ఆయన మరణానంతరం 1971లో గాని అచ్చు కాలేదు. ఆ ముగింపు నమ్మదగినది కాదన్న విమర్శలో కొంత నిజముంది. అయినా ఆశను బ్రతికించి ఉంచడం వలననే అది విలాపగాథ కాక ప్రణయకథగా నిలిచింది. మరాఠీలో సచిన్ కుండల్కర్ 'కోబాల్ట్ బ్లూ' (2006) అన్నాచెల్లెళ్లు ఒకే యువకుని ప్రేమించి, ఇద్దరూ పోగొట్టుకొన్న కథ. ఇద్దరి దుఃఖాన్నీ ఒకే తక్కెడలో తూచడం దాని ఘనత. ఆర్. రాజ్ రావు 'ది బాయ్‌ఫ్రెండ్' (2003) ముంబయి లోకల్ రైళ్ల లోకాన్ని ధైర్యంగా చూపించింది. కాని దళిత యువకుడైన మిలింద్ మనస్సులోకి, అతని ప్రియుని మనస్సులోకి ప్రవేశించినంత లోతుగా ప్రవేశించలేదు. ప్రేమకు రెండు వైపులుండాలన్న మూలసూత్రం అక్కడ కుంటుపడింది. కన్నడంలో వసుధేంద్ర 'మోహనస్వామి' (2013) కథలు ఈ కొరతను చాలవరకు తీర్చాయి. ప్రియుడు మరొకరిని పెళ్లాడిన తరువాత కూడా మోహనస్వామి చావడు, జీవించడం నేర్చుకొంటాడు. బళ్లారి సీమ గాలి, ఉద్యోగనగరపు ఒంటరితనం రెండూ ఆ కథలలో స్పష్టంగా వినిపిస్తాయి. మన పొరుగు భాషలో సాధ్యమైనది మనకు అసాధ్యం కాదు.

ఇట్టి పుస్తకాలను సమీక్షించేటప్పుడు మన విమర్శకులు సాహసాన్ని మెచ్చి శిల్పాన్ని వదిలేస్తున్నారు. ఇది ఔదార్యంగా కనిపించే అనాదరం. ఒక వర్గం ప్రజల కథకు తక్కువ మార్కులు చాలునని అనుకోవడం వారి జీవితానికి తక్కువ విలువ కట్టడమే. గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంపిక చేసేవారు, అనువాద పథకాలు రూపొందించే అధికారులు దీనిని ఆలోచించాలి. చిన్న పట్టణపు పౌర గ్రంథాలయంలో ఈ వస్తువుపై బహుశా ఒకే పుస్తకం ఉంటుంది. తనను తాను ఆ పుటలలో వెతుక్కొనే యువకుడు ఎవరితోనూ చెప్పకుండా దానిని తీసుకొని వెళతాడు. ఆ ఒక్క పుస్తకం అతనికి ఉరితాడునో, అట్టబొమ్మనో మాత్రమే చూపిస్తే, నష్టపోయేది సాహిత్యం ఒక్కటే కాదు.

రాత్రి షిఫ్టు దిగివచ్చే ఫిట్టరు కోసం అన్నం మూతపెట్టి ఉంచిన మరొకడి నిరీక్షణ, బదిలీ ఉత్తర్వు తెచ్చే ఎడబాటు, విజయనగరం నుండి వచ్చిన తల్లి 'వీడెవడురా?' అని అడిగినప్పుడు దొరకని జవాబు: ఇవన్నీ విభావాలే. ఖరగ్‌పూరు తెలుగు వాడలలో ఇవి రచయిత కోసం కాచుకొని ఉన్నాయి. వాటిని జాలి లేకుండా, జంకు లేకుండా, తెలుగులో రాయగలవారు వచ్చిననాడు పాఠకుడు పుస్తకం మూసి నిట్టూర్చవలసిన అవసరం ఉండదు.