విమానం ఎక్కకముందే చూసుకోవాల్సిన లెక్క

వీసా బాలాజీగా పేరుపడిన చిల్కూరు గుడి మా మొయినాబాద్ మండలంలోనే ఉంది. వీసా రావాలని 11 ప్రదక్షిణలు, వచ్చాక మొక్కు తీర్చుకోవడానికి 108. అలా మొక్కుకుని వెళ్లినవాళ్లలో కొందరు ఇప్పుడు తిరిగొస్తున్నారు. చిన్న మంగళారం చుట్టుపక్కలా, చేవెళ్ల రోడ్డు వెంటా ఇళ్లు కట్టుకుని అమ్మానాన్నలకు దగ్గరగా ఉంటున్నారు. వాళ్ల ఆదాయపు పన్ను లెక్కలు చూడడం నా వృత్తి. వాళ్ల ఫైళ్లలో నన్ను ఎక్కువసేపు ఆపేది అమెరికాలో వదిలి వచ్చిన 401కె పదవీ విరమణ పొదుపు ఖాతా.

"అన్నా, అవి నా జీతంలకెల్లి దాచుకున్న పైసలే కదా! ఇంకా తియ్యకముందే పన్నేంది?" అని అడుగుతారు. అడగాల్సిన మాటే. ఆ ఖాతాలో పెరిగిన సొమ్ము మీద అమెరికా, డబ్బు తీసుకున్నప్పుడు పన్ను వేస్తుంది. మన చట్టమేమో పూర్తిస్థాయి రెసిడెంట్ అయినవాళ్లకు ప్రపంచంలో ఎక్కడ ఆదాయం వచ్చినా ఏ ఏడాదిది ఆ ఏడాదే లెక్కగడుతుంది. ఒక ఏడాది ఖాతాలో 10,000 డాలర్ల వడ్డీ, డివిడెండ్లు చేరాయనుకోండి. ఇక్కడ ఆ ఏడాదే పన్ను. పదేళ్లకు డబ్బు తీస్తే అక్కడ పన్ను. ఒక దేశంలో కట్టింది రెండో దేశంలో తగ్గించుకోవచ్చు గానీ, ఇన్నేళ్ల తేడా వచ్చాక ఆ తగ్గింపును ఏ ఏడాదికి అన్వయించాలి? ఇక్కడ కట్టిన ఏడాది అక్కడ పన్ను లేదు, అక్కడ పట్టుకున్న ఏడాది ఇక్కడ లేదు. ఒకే రూపాయి మీద రెండుసార్లు పన్ను పడేది ఇక్కడే.

ఈ ముడిని విప్పడానికే 2021 ఫైనాన్స్ చట్టం 89ఏ సెక్షన్ తెచ్చింది. 2022 ఏప్రిల్‌లో నియమాలూ, అవి వర్తించే దేశాల జాబితా వచ్చాయి. అమెరికా, బ్రిటన్, కెనడా ఖాతాలున్నవాళ్లు ఫారం 10-ఈఈ దాఖలు చేస్తే, ఆ దేశం పన్ను వేసే ఏడాదే మనమూ వేస్తాం. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో నంబర్లు మారినా ఈ వెసులుబాటు ఉంది. నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే సవరణల్లో ఇదొకటి.

అయితే సంతకం పెట్టించే ముందు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాను: "పిల్లల దగ్గరికి మళ్లీ వెళ్లి ఉండిపోయే ఆలోచన ఉందా?" ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోలేం. తర్వాత మళ్లీ నాన్ రెసిడెంట్ అయితే, ఆ ఫారం అసలు వేయనట్టే లెక్క. పాత ఏళ్ల ఆదాయమంతా పన్ను కిందికి వస్తుంది. రాత్ ఐఆర్‌ఏ అనే మరో రకం పదవీ విరమణ ఖాతా ఉంటే ఇంకో చిక్కు. సెక్షన్ మాట్లాడేది, తీసేటప్పుడు పన్ను పడే ఖాతాల గురించి. రాత్ ఖాతాలో నిబంధనల ప్రకారం తీసిన డబ్బుపై అమెరికా పన్నే వేయదు. కాబట్టి ఈ వెసులుబాటు దానికి వర్తిస్తుందని గట్టిగా చెప్పలేం.

వచ్చిన కొత్తలో కొంత వ్యవధి దొరుకుతుంది. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్ అయినా, గత ఏడేళ్లలో ఇక్కడ ఉన్నది 729 రోజులు దాటకపోయినా, మన చట్టం వాళ్లను పూర్తిస్థాయి కాని రెసిడెంట్లుగా చూసి ఆర్‌ఎన్‌ఓఆర్ అంటుంది. ఆ రెండు మూడేళ్లు విదేశీ ఖాతాలో పుట్టే ఆదాయానికి ఇక్కడ పన్నుండదు. అలాగని తొందరపడి ఖాతా ఖాళీ చేయొద్దని చెబుతాను. యాభై తొమ్మిదిన్నర ఏళ్లలోపు తీస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, అమెరికా 10 శాతం అదనంగా వేస్తుంది. అక్కడి పౌరసత్వం, గ్రీన్‌కార్డు లేనివాళ్లు ఒకేసారి తీస్తే సాధారణంగా 30 శాతం ముందే పట్టుకుంటారు.

కాలిఫోర్నియాలో పనిచేసి వచ్చినవాళ్లకు ఆ రాష్ట్రం పన్ను భయం కూడా ఉంటుంది. వాళ్లకు ధైర్యం చెప్పగలను: 1996 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, రాష్ట్రం విడిచి వెళ్లినవాళ్ల పింఛను ఖాతాలపై ఏ రాష్ట్రమూ పన్ను వేయకూడదు. అదే ఒక తెలుగు కుటుంబం టొరంటో నుంచి కాలిఫోర్నియాకు మారితే కథ వేరు. అమెరికా, కెనడాల మధ్య ఉన్న పన్ను ఒప్పందాన్ని ఆ రాష్ట్రం పాటించదు. కెనడా పదవీ విరమణ పొదుపైన ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఖాతాలో పెరిగినదాన్ని ఏటా ఆదాయంగానే చూస్తుంది. టెక్సస్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్నే లేదు గనుక అక్కడ స్థిరపడితే ఆ బెడద ఉండదు.

నా బాధ ఆస్ట్రేలియా, సింగపూర్ నుంచి వచ్చేవాళ్ల గురించి. అక్కడి పదవీ విరమణ పొదుపు నిధులైన సూపర్‌యాన్యుయేషన్‌కూ, సీపీఎఫ్‌కూ 2022 ఏప్రిల్ జాబితాలో చోటు దొరకలేదు. ఆ ఖాతాల నియమాలు 401కె లాంటివి కావు, నిజమే. వాటికి తగిన నియమం వాటికి రాయాలి. మెల్‌బోర్న్‌లో కష్టపడ్డ తెలుగువాడి పొదుపు, డాలస్‌లో కష్టపడ్డవాడి పొదుపు కంటే తక్కువేం కాదు. జాబితా పెంచమని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.

పూర్తి రెసిడెంట్ అయ్యాక రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే ఎఫ్ఏ షెడ్యూల్ వదలొద్దు. 2015 నల్లధన చట్టం కింద జరిమానా రూ.10 లక్షలు. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులన్నీ కలిపి రూ.20 లక్షలు మించనివాళ్లకు 2024 అక్టోబర్ నుంచి ఆ జరిమానా తప్పింది.

ఈ పనిలో సగం మేలు ముందుచూపుతోనే జరుగుతుంది. అందుకే రావాలనుకునేవాళ్లకు నా మనవి: టికెట్ కొనే ముందు ఏడాదే లెక్క తెలిసినవాళ్లతో కూర్చోండి. దిగే తేదీ కొన్ని నెలలు జరిగితే ఒక పన్ను ఏడాదే మారిపోవచ్చు. ఏ ఏటి స్టేట్‌మెంట్లు ఆ ఏడాదే దింపుకుని దాచండి. ఆ ఖాతా ఉందని ఇంట్లో వాళ్లకూ చెప్పండి.