పొద్దుగూకే వేళ ఎటు చూడాలి?

మన తూర్పు తీరంలో సూర్యోదయాలకు కొదవ లేదు. భీమిలిలో నిలబడ్డా, మైపాడులో నిలబడ్డా పొద్దు సముద్రంలోంచే పైకొస్తుంది. సాయంత్రం మాత్రం ఏ మేడల వెనకకో, తాటితోపుల వెనకకో దిగిపోతుంది. నీళ్లలోకి దిగే పొద్దును చూడాలంటే మనకు పడమటి దిక్కున కూడా నీళ్లుండాలి. పులికాట్ సరస్సులో ఆ వీలుంది. సముద్రానికీ దీనికీ నడుమ శ్రీహరికోట దీవి అడ్డం. లోపల ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసి ఆంధ్రలోనూ తమిళనాడులోనూ పరుచుకున్నాయి. ఈ తరహా సరస్సుల్లో చిలికా తర్వాత దేశంలో పెద్దది ఇదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రం షార్‌కు వెళ్లే రోడ్డు ఆ నీళ్లను చీల్చుకుంటూ పోతుంది. అందుకే సంక్రాంతి రోజుల్లో, ఇక్కడికొచ్చే ఫ్లెమింగో పక్షుల పేరిట జరిగే పండగ దగ్గరపడేకొద్దీ, ఆ రోడ్డు వార సాయంత్రాలు కార్లు బారులు తీరి ఉంటాయి.

చలికాలంలో అటు పోయి రావడం నాకు అలవాటు. ‘సూర్యాస్తమయం ఎన్నింటికి?’ అని స్నేహితులు అడుగుతుంటారు. ఆరు గంటల ప్రాంతంలో. కానీ నేను మూడున్నరకల్లా అక్కడ ఉండమంటాను. ఆ రెండున్నర గంటలు ఏం చేస్తామన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఈ వారం దానికి జవాబు చెబుతాను.

మొదటి పని లోతు చదవడం. పులికాట్‌లో చాలాచోట్ల నీళ్లు మనిషి నడుము దాటవు. ఎక్కడ ఎంత లోతుందో పిట్టల కాళ్లే చెబుతాయి. ఒడ్డు బురదలో పరుగులు తీసేవి పొట్టికాళ్ల ఉల్లంకులు. ఇంకాస్త లోపల కొంగలు. ఆపైన ఫ్లెమింగోలు. గూడబాతులు తేలుతున్నాయంటే అక్కడ చేపలు తిరిగేటంత నీరున్నట్టు. వానలు మరీ ఎక్కువై నీళ్లు పెరిగితే ఫ్లెమింగోలకు కాలు ఆనదు, మేత దొరికే పలచటి చోట్లు వెతుక్కుంటూ పోతాయి. మరీ తగ్గినా పోతాయి. కిందటేడు కనిపించిన చోటే ఈ ఏడూ ఉంటాయనుకోవడం అందుకే కుదరదు.

రెండోది మెడలు చూడటం. ఫ్లెమింగో తల తలకిందులుగా నీళ్లలో పెట్టి మేస్తుంది. నాలుకతో నీళ్లను లోపలికి లాగి బయటికి తోస్తుంటే, ముక్కు అంచున ఉండే సన్నటి పళ్లు జల్లెడలా సూక్ష్మజీవుల్నీ నాచునూ పట్టి ఉంచుతాయి. తలలు కిందికి ఉన్నంతసేపూ మనం ఉండాల్సిన దూరంలో ఉన్నట్టే. ఒక్కో మెడా పైకి లేస్తుంటే ఆగిపోవాలి. గుంపంతా ఒక దిక్కుకు నడక మొదలెడితే వెనక్కి రావాలి. ఇవి ఉన్నచోటునుంచి చటుక్కున ఎగరలేవు. నీళ్లమీద కొంత దూరం పరుగెత్తాకే గాల్లోకి లేస్తాయి. మన ఫొటో కోసం వాటిచేత ఆ పరుగు తీయించడం నాకు నచ్చదు. పాటలు ఆపి, కారు దిగకుండా కిటికీలోంచి చూస్తే చాలాసార్లు మనల్ని అవి లెక్కచేయవు.

మూడోది, అసలైనది, వెలుగు. జనవరిలో పొద్దు నైరుతి మూలకు ఒరిగి దిగుతుంది. రోడ్డుమీద నిలబడి అటే చూస్తే పిట్టలన్నీ నల్లటి నీడలే. అదే పొద్దుకు వీపు పెట్టి ఈశాన్యానికి తిరిగామా, ప్రతి ఈకా విడివిడిగా కనిపిస్తుంది. రెక్క కింది ఎరుపు, ముక్కు కొన నలుపు, బూడిదరంగు దాటని పిల్ల ఫ్లెమింగోలు, అన్నీ అటువైపే. ఫ్లెమింగోకు గులాబీ రంగు తినే తిండిలోంచి వస్తుంది గనక పిల్లలకు అది పట్టడానికి ఏళ్లు పడుతుంది. అయితే ఈ తేడాలు నాలుగున్నర, ఐదు గంటల వెలుగులోనే చూసుకోవాలి. చివరి పావుగంటలో తెల్లకొంగ కూడా గులాబీ రంగులోనే ఉంటుంది.

ఆ వేళకు గూడబాతులు వరసకట్టి ఉత్తరంగా పోతాయి. దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చెరువులో, నీళ్లలో నిలిచిన కడప చెట్లమీద వాటి గూళ్లు. మేత మాత్రం పులికాట్‌లో. ఊరి చెరువుకూ ఉప్పు సరస్సుకూ ఉన్న ఈ బంధుత్వం తెలిస్తే, ఒకదాన్ని కాపాడి ఇంకోదాన్ని వదిలేయడం కుదరదని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇదంతా చూశాక, ఆఖరి ఐదు నిమిషాలు పడమటికి తిరగండి. వద్దనను, నేనూ తిరుగుతాను. కానీ సూర్యాస్తమయం కోసమే వచ్చి వెళ్లేవారితో నాకో పేచీ ఉంది. పులికాట్‌లోకి ఉప్పునీళ్లు తెచ్చే రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాలు ఇసుకతో పూడుతున్నాయి. సముద్రం పోటు లోపలికి రాకపోతే రొయ్యా రాదు, చేపా రాదు. వాటిమీద బతికే జాలర్ల ఊళ్లకూ, పిట్టలకూ ఒకే కరువు. ఎండాకాలంలో ఆంధ్రవైపు సరస్సు చాలావరకు నెర్రెలిచ్చిన నేలే. ఆ ఎండిన నేలమీద కూడా పొద్దు అంతే ఎర్రగా, అంతే అందంగా గూకుతుంది. ఫొటో ఏమాత్రం చెడదు. సరస్సు బాగుందో లేదో అస్తమయాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. ఎదురుగా ఉన్న బురదలో ఎన్ని కాళ్లున్నాయో చూస్తేనే తెలుస్తుంది. మూడున్నరకే రమ్మనేది అందుకు.