మొండి నట్టు, చిన్న దెబ్బలు

పాత బండిలో నట్టు పట్టేయడానికి మొదటి కారణం తుప్పు. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెండింతలకు పైగా పెరుగుతుంది. నట్టు మరలకూ బోల్టు మరలకూ మధ్య ఉండేది వెంట్రుకవాసి సందు. తేమ తగిలి ఏళ్ల తరబడి పెరిగిన తుప్పు ఆ సందంతా నిండి రెండింటినీ ఒకే ముద్దగా అతికేస్తుంది. ఎండి గట్టిపడిన గ్రీజు, బ్రేకుల వేడి, ఎప్పుడో ఎవరో అతిగా బిగించిన బిగింపు దీనికి తోడవుతాయి. ముప్పై నలభై ఏళ్లు షెడ్డులో నిలిచిపోయిన జీపునో, అంబాసిడర్‌నో, బుల్లెట్‌నో మళ్లీ రోడ్డెక్కించాలంటే ముందుగా తేల్చుకోవలసింది ఈ నట్లతోనే.

పానాకు పొడవాటి పైపు తొడిగి బలమంతా వేసి తిప్పడం పాత పద్ధతి. అలా ఆగకుండా పడే బలానికి తుప్పు వదలకముందే బోల్టు మెలిపడి టక్కున విరుగుతుంది. ఇంపాక్ట్ రెంచ్ పనిచేసే తీరు వేరు. టైరు షాపుల్లో గన్ను అని పిలిచే ఈ పరికరంలో మోటారు ఒక బరువైన ఉక్కు దిమ్మెను తిప్పుతుంది. అదే సుత్తి. సాకెట్ తగిలించే ఇరుసు దాగలి. నట్టు తిరగనని మొరాయించినప్పుడు సుత్తి వెనక్కి జారి, వేగం పుంజుకుని దాగలి మీద పక్కనుంచి కొడుతుంది. కమ్మరి కొలిమి దగ్గర పైనుంచి పడే దెబ్బ ఇక్కడ గుండ్రంగా తిరుగుతూ పడుతుంది. నిమిషానికి వెయ్యికి పైగా పడే ఈ దెబ్బల్లో ఒక్కొక్కటీ క్షణంలో అతి చిన్న వంతు మాత్రమే ఉంటుంది. ఆ అదురుకు తుప్పు పొర పగిలి పొడి అవుతుంది. నట్టు అంచున సన్నటి ఎర్రపొడి రాలడం మొదలైతే పట్టు సడలుతోందన్న మాట.

దెబ్బ ఇంత పొట్టిది కావడం వల్ల మరో మేలుంది. క్రాంక్‌షాఫ్ట్ పుల్లీ నట్టు, మోటార్‌సైకిల్ ఇంజన్ స్ప్రాకెట్ నట్టు లాంటివాటిని పానాతో తిప్పితే వాటితోపాటు షాఫ్టూ తిరిగిపోతుంది. గన్నుతో కొడితే బరువైన షాఫ్టు కదిలేలోపే దెబ్బ ముగిసిపోతుంది. దాన్ని ఆపడానికి పళ్ల మధ్య ఇనుప ముక్క ఇరికించి గేర్లు పాడుచేసుకునే పని ఉండదు.

ఈ పనిలో సగం గన్ను పట్టకముందే జరుగుతుంది. బయటికి కనిపించే మరలను వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పులోకి ఇంకే పల్చటి నూనె పోసి, నట్టు పక్కల చిన్న సుత్తితో తట్టి, రాత్రంతా వదిలేయాలి. పొద్దున మరోసారి నూనె పోయాలి. తర్వాత మర ఏ వైపుదో చూసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులో ఎడమవైపు చక్రాల నట్లకు రివర్స్ థ్రెడ్ ఉంటుంది. అలవాటు కొద్దీ తిప్పితే ఊడవలసిన నట్టు ఇంకా బిగుసుకుని, అది ఎక్కి ఉన్న మర కడ్డీ, అంటే స్టడ్డు, విరుగుతుంది. స్టడ్డు కొసన ఆంగ్ల 'ఎల్' గుర్తు ఉందేమో తుడిచి చూడడం అందుకే.

సాకెట్ కొలత కూడా సరిపోవాలి. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన 55 డిగ్రీల మరలు బ్రిటిష్ బళ్లలో చాలాకాలం సాగాయి. 1950ల మధ్యలో మద్రాసులో బుల్లెట్ల తయారీ మొదలయ్యాక ఆ బ్రిటిష్ కొలతలే ఇక్కడికీ వచ్చాయి. విట్‌వర్త్ పానా మీద ఉండే అంకె బోల్టు లావును చెబుతుంది, నట్టు వెడల్పును కాదు. దగ్గరగా ఉంది కదా అని మిల్లీమీటరు సాకెట్ తొడిగితే నాలుగు దెబ్బలకే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. ఆరు మూలలున్న నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి. చేతిపానాకు వాడే మెరుపు సాకెట్ ఈ దెబ్బలకు పగిలి ముక్కలు ఎగరవచ్చు.

చక్రాల నట్లను బండి నేల మీద ఉండగానే వదులు చేయాలి. గన్నును నట్టుకు సూటిగా పట్టి, తక్కువ బలంతో ముందు బిగింపు వైపు ఒక చిన్న దెబ్బ వేస్తే తుప్పు చిట్లుతుంది. తర్వాత ఊడే వైపు రెండు మూడు సెకన్లు కొట్టి ఆపాలి. నూనె పోసి మళ్లీ కొట్టాలి. నట్టు కాస్త తిరిగి స్ప్రింగులా వెనక్కి వస్తుంటే నట్టు కదలట్లేదు, స్టడ్డు మెలిపడుతోంది. అక్కడ ఆగిపోవాలి. కదిలిన నట్టునైనా ఒక్క ఊపున లాగేయకూడదు. పావు చుట్టు ఊడే వైపు, కాస్త బిగింపు వైపు, మళ్లీ ఊడే వైపు తిప్పుతూ వస్తే మరల్లో చేరిన పొడి బయటపడుతుంది.

అప్పటికీ రాకపోతే, పోసిన నూనెను పూర్తిగా తుడిచి, నట్టును మాత్రమే వేడి చేస్తారు. అది వ్యాకోచించి బోల్టు మీద పట్టు వదులుతుంది. పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు, రబ్బరు, నూనె తడి ఉన్నచోట మంట పనికిరాదు. చివరి మార్గం నట్టును చీల్చే పరికరం. నట్టు పోయినా స్టడ్డు దక్కుతుంది.

గన్ను పెట్టకూడని చోట్లూ ఉన్నాయి. బ్రేకు పైపు నట్లు, కార్బురేటర్‌లోని ఇత్తడి భాగాలు, స్పార్క్ ప్లగ్గులు, అల్యూమినియంలో దిగిన సన్నటి స్టడ్డులు ఈ దెబ్బలకు తట్టుకోవు. పాత మోటార్‌సైకిళ్ల ఇంజన్ మూతల స్క్రూలకు చేతి ఇంపాక్ట్ డ్రైవర్ తగినది. దాని తల మీద సుత్తితో కొడితే మొన స్క్రూ గాడిలోకి అణుగుతూనే తిరుగుతుంది.

బిగించేటప్పుడు గన్ను పక్కన పెట్టాలి. బిగింపు బలంలో తొంభై శాతం దాకా రాపిడికే పోతుంది. మిగిలిన కొద్దిపాటి బలమే బోల్టును సాగదీసి బిగువునిస్తుంది. ఆ బిగువు ఎంతో గన్ను దెబ్బల లెక్కతో తేలదు. మరలు శుభ్రం చేసి, నట్టును వేళ్లతో నాలుగైదు చుట్లు ఎక్కించి, ఎదురెదురు నట్లను వరసగా టార్క్ రెంచ్‌తో బిగించడమే పద్ధతి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ మొదటినుంచీ చివరిదాకా ఉండాలి.

ఇంత ఓపిక నట్టు ఖరీదు కోసం కాదు. ఆ కాలపు మర, ఆ తల ఆకారం, దాని మీది గుర్తు ఇప్పటి దుకాణాల్లో తేలిగ్గా దొరకవు. స్టడ్డు విరిగితే డ్రిల్లు వేయాలి, కొత్త మర కొయ్యాలి. బండి పుట్టినప్పటి లోహం అంతమేర పోయినట్టే. పాత నట్టు చెడకుండా ఊడి, శుభ్రపడి, తిరిగి తన స్టడ్డు మీదికే ఎక్కితే ఆ పని పూర్తయినట్టు.