పాపం ఎవరిది? రక్షణ ఎవరికి?

తెలుగులో ‘పాపం’ అనే మాటకు రెండు ముఖాలున్నాయి. చేసిన తప్పు పాపం. దెబ్బ తిన్నోణ్ణి చూసి అనే జాలిమాట కూడా పాపమే. మా గేరికి చర్చి మొదటిది ఇచ్చింది, ఊరు రెండోది ఇచ్చింది. ‘మీరు పాపులు’ అని చర్చి, ‘అయ్యో పాపం’ అని ఊరు. ‘మీకు అన్యాయం జరిగింది’ అన్న మాట మాత్రం రెండు చోట్లా వినపడలేదు.

నేను పాత అనంతపురం జిల్లా మెట్టపల్లెలో, మాదిగ గేరిలో పుట్టి పెరిగినోణ్ణి. మా తాత కపిల బావులకు తోలు బానలు కుట్టినాడు. కరెంటు మోటార్లు వచ్చి కపిలలు పోయినాక ఆ పనీ పోయింది. మా నాయన పెద్దరైతు ఇంట్లో జీతమున్నాడు. ఈ జిల్లాలో లండన్ మిషన్ గుత్తిలో, అనంతపురంలో పనిచేసింది. తర్వాత ఎన్నో సంఘాలు వచ్చినాయి. మాది అట్లాంటి ఒక చిన్న సంఘం, పేరు అనవసరం. అక్కడ దొరికింది తక్కువేం కాదు. ‘ఒరే’ అని తప్ప పిలుపు లేని మా నాయనకు సంఘం రిజిస్టరులో పేరుంది. మాకు పలకా బలపం వచ్చినాయి. ముట్టుకుంటే మైలపడే ఊర్లో ఒకే రొట్టె, ఒకే గిన్నె వచ్చినాయి. నా తగువు క్రీస్తుతో కాదు, పాపాన్ని మాకు చెప్పిన తీరుతో.

కరువొచ్చిన ప్రతి ఏడూ మా అయ్యగారు ఒకే ప్రసంగం చేసేవారు. మన పాపాల వల్లే ఆకాశం మూసుకుపోయింది, మోకాళ్ళ మీద పడండి అని. ఒకసారి మా అవ్వ అడిగేసింది: ‘కడుపుకు లేనోళ్ళం, పాపం చేసేదానికి మాకు తీరికెక్కడిది అయ్యగారూ? బావులున్నోళ్ళను అడగండి సామీ!’ అయ్యగారు నవ్వి ఊరుకున్నారు.

కరువుకు కారణం ఉంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపుతాయి, మాది వానచాటు నేల. తూర్పు తీరానికి దూరం కాబట్టి ఈశాన్య వానలూ అంతంతమాత్రమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన, అదీ నమ్మకం లేని వాన. వాన రాకపోవడం ప్రకృతి. వాన రాని ఏడు ఎవరి పొయ్యి ముందు ఆరిపోతుందన్నది మాత్రం ప్రకృతి కాదు. నేల ఎవరిది, బోరు ఎవరిది, చెరువు నీళ్ళు ముందు ఎవరి మడికి పారతాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది.

పోయిన జన్మలో పాపం చేసినారు, అందుకే మాదిగలై పుట్టినారు అని కర్మ సిద్ధాంతం చెప్పింది. మిషనరీ కర్మను కొట్టేసినాడు. కానీ చెప్పేదానికి అదే ‘పాపం’ అనే మాట తీసుకున్నాడు. పోయిన జన్మ పోయి ఆదాము వచ్చినాడు. నేరం మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. మతం మారినోళ్ళ స్థితి మీద రాసిన వ్యాసంలో అంబేద్కర్ ఈ తిరకాసునే పట్టుకున్నాడు. నీ పతనానికి నీ చుట్టూ ఉన్న సమాజం కారణం, దాని మీద తిరగబడు అని చెప్పాల్సిన చోట, నీ పాపమే కారణం అని చెబుతున్నారని ఆయన విమర్శ. 1941 నాటి ‘గబ్బిలం’లో జాషువా కర్మ పేరుతో పేదోని నోరు మూసినోళ్ళను నిలదీసినాడు. పాపం పేరుతో మూసినోళ్ళనూ అట్లాగే నిలదీయాల.

మా పాటల పుస్తకమే చూడండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తమ చౌధరి (1803–1890) పాటలకు పెద్దపీట. గొప్ప కవి, కాదనను. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైనాడు. పుట్టుకతోనే పవిత్రుడనిపించుకున్నవాడు తనను తాను పాపిగా చూసుకోవడం పెద్ద మార్పే, అక్కడ అహం తల వంచుతుంది. అదే భావాన్ని పొద్దున లేస్తే ఊరంతా నీచుడనే మాదిగోని నోట్లో పెడితే? వాని నడుం ఇదివరకే వంగి ఉంది. వానికి ముందు కావాల్సింది నిటారుగా నిలబెట్టే పాట.

అట్లని సిద్ధాంతమంతా పారేయమనడం లేదు. దాన్లో మాకు చూపించని సగం ఉంది. పాపి కానివాడు ఒక్కడూ లేడంటాడు పౌలు, రోమీయుల పత్రికలో. అంటే రెడ్డీ, కరణమూ కూడా. పుట్టుకతో శుద్ధుడు ఎవడూ లేడు. రక్షణ క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్ల అంటాడు. అంటే జన్మజన్మల లెక్కల పుస్తకం చించేసినట్టే. మనువుకు ఇంతకంటే గట్టి దెబ్బ ఏముంది? కానీ ఈ మాట మా గేరి దాటి ఊరి నడుమకు పోలేదు. ఎలక్షన్లప్పుడు పెద్దరైతు క్రిస్మస్ కేకు కోసేదానికి వస్తే ముందు కుర్చీ వేసినారు. మా సరిహద్దు పల్లెల్లో బసివిగా విడిచిన ఆడబిడ్డను మాత్రం పాపాత్మురాలన్నారు. ఆమె దగ్గరకు పోయిన మగోళ్ళ ఊసు ఏ ప్రసంగంలోనూ రాలేదు. 1988 చట్టం అట్లా విడవడాన్ని నేరమంది. పాపం మాత్రం ఆమె నెత్తినే ఉండిపోయింది.

యోహాను సువార్తలో పుట్టుగుడ్డిని చూపి శిష్యులు అడుగుతారు: ఎవరి పాపం, వీనిదా, వీని తల్లిదండ్రులదా? ఎవరిదీ కాదంటాడు యేసు. కర్మకు అంతకన్నా సూటి జవాబు లేదు. లూకా సువార్తలో జక్కయ్య సుంకరుల పెద్ద, డబ్బున్నోడు. ఆస్తిలో సగం పేదలకిస్తా, అన్యాయంగా గుంజింది నాలుగింతలు తిరిగిస్తా అంటాడు. ఆ తర్వాతనే ఆ ఇంటికి రక్షణ వచ్చిందంటాడు యేసు. మన సండేస్కూళ్ళు ఆ జక్కయ్యను చెట్టెక్కిన పొట్టోని కథ చేసి వదిలేసినాయి.

‘రక్షణ’ అనే మాటకూ రెండు ముఖాలున్నాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాణ్ణి షెడ్యూల్డు కులాల్లోంచి తీసేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుకున్నారు. క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర మతం మారిన దళితునికి బి.సి.-సి గ్రూపు, ఒక్క శాతం. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎస్సీ హోదా ఇయ్యమని తీర్మానం చేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారినోనికి అట్రాసిటీ చట్టం వర్తించదంది. విశ్వాసం వల్ల రక్షణ వస్తుందంటుంది చర్చి. విశ్వాసం వల్లే రక్షణ పోయిందంటుంది రాజ్యం. కొట్టేవాడు మాత్రం బాప్తిస్మం చూడడు, గేరి చూసి కొడతాడు.

కాబట్టి ‘పాపం’ అన్న మాట ఎక్కడ వినపడినా అడగాల: ఎవరు చేసినారు, ఎవరి మీద చేసినారు, తిరిగి ఇచ్చేది ఎప్పుడు? దేవుని ఎదుట అందరం పాపులమే కావచ్చు. గేరి ఎదుట ఎవరు బాకీ ఉన్నారో ఆ లెక్క వేరే ఉంది. ఆ బాకీ తీర్చకుండా ఏ ఇంటికీ రక్షణ రాదు.