ఒత్తుకి ఐదు వరసలు

మా వీధి మలుపులో చీరల షాపుకి కొత్తగా ఎల్‌ఈడీ బోర్డు పెట్టారు. సోమవారం సాయంత్రం దాని మీద ‘పెళి పటు చీరలు’ అని ఎర్రగా పరుగెడుతుంటే అక్కడే ఆగిపోయాను. ఒత్తులన్నీ తెగిపోయాయి. దగ్గరికెళ్లి లెక్కపెట్టాను: నిలువునా 16 వరసల దీపాలు.

వంపు లేని తెలుగు అక్షరం నాకు పడదని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. గళ్లలో ఒదిగేది ఇంగ్లిషే, మన లిపి కాదని ఎన్నిసార్లు రాశానో! ఈసారీ అదే రాద్దామని కూర్చున్నాను.

అలాగని గళ్ల అక్షరాల మీద కోపం లేదు. చిన్నప్పుడు వీడియో గేమ్స్ షాపులో రూపాయి బిళ్ల గుప్పిట్లో పట్టుకుని, వంతు వచ్చేదాకా తెర మీది అక్షరాలే చూసేవాణ్ణి. 1980లో నామ్కో వాళ్ల ప్యాక్‌మాన్‌లో ఉన్నవీ అలాంటివే. అడ్డం 8, నిలువు 8 గళ్లు. పక్కదానికి తగలకుండా ఒక వరస వదిలేస్తే మిగిలేది 7. నిలువు గీత రెండు గళ్ల మందం, అడ్డగీత ఒక్క గడి. అంత పొదుపులోనూ ‘ఎస్’ ఎంత సొంపుగా తిరుగుతుందో! నామ్కో ఆటల అక్షరాల్ని చూసి చేసిన ప్రెస్ స్టార్ట్ 2పీ ఫాంటు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతుంది.

మనకి ఆ 8 చాలవు. ‘ప’ కడుపులో గీత పెడితే ‘ష’, కింద గీత ఇస్తే ‘ఫ’. పైన తలకట్టు, కింద ఒత్తు.

ఇక్కడే జపాన్ వాళ్లు గుర్తొచ్చారు. 1986లో ఫామికామ్ గేమ్ మెషీన్ మీద వచ్చిన డ్రాగన్ క్వెస్ట్‌కి క్యాట్రిడ్జ్‌లో చోటు 64 కిలోబైట్లే. వాళ్ల లిపుల్లో ఒకటైన కటకానాలో అక్షరాలు కొన్నే పెట్టుకుని, కటకానాలో రాయాల్సిన పేర్లూ మాటలూ వాటితోనే కుదుర్చుకున్నారు. వాళ్ల లిపిలో ‘క’ని ‘గ’ చేసే రెండు చిన్న గీతలుంటాయి. వాటిని అక్షరం గడిలో ఇరికించకుండా పై వరసలో వేరే గడి ఇచ్చారు. మన ఒత్తు కింద ఉంటుంది, అంతే కదా!

గళ్ల నోటుబుక్కు తీశాను. 16 వరసల్లో పైన 11 అక్షరానికి, కింద 5 ఒత్తుకి. ‘ళ్లి’ మూడోసారికి కుదిరింది. ‘ట్టు’లో కొమ్ము ఒక గడి లోపలికి జరపాల్సి వచ్చింది. వంపుల్లేవు, మెట్లే. అయినా చేయి చాచినంత దూరంలో పెట్టి చూస్తే ‘పట్టు’ పట్టులాగే ఉంది. ఆ దీపాలు సరిపోతాయి. ఒత్తుకి చోటు అడిగినవాళ్లే లేరు.

కాగితం చింపి మడిచి పెట్టాను. రేపు షాపాయనకి ఇచ్చి రావాలి.