కాగితం అడిగేవారి కోసం

ఏలూరు జిల్లా పెదవేగి నవోదయ విద్యాలయంలో ఏటా 80 మంది వరకు ఆరో తరగతిలో చేరతారు. అంత చిన్న వయసులో ఇల్లు వదిలి హాస్టల్‌కు వచ్చిన ఏ బడి పిల్లవాడైనా నిద్ర పట్టడం లేదన్నా, అన్నం సయించడం లేదన్నా, మానసిక నిపుణులు ఏ తీరున మాట్లాడాలి? ముందే రాసుకున్న ప్రశ్నలు వరసగా అడగాలా, కబుర్లలో పెట్టి తెలుసుకోవాలా? మనకు రెండోదే ముద్దు. కాగితం పట్టుకుని అడిగితే పోలీసు విచారణలా ఉంటుందంటాం. కాగితం ఉండి తీరాలనే నేను అంటాను. అయితే అది అదుపులో పెట్టాల్సింది పిల్లల్ని కాదు, అడిగేవారిని.

ఎంత అనుభవం ఉన్నా, కబుర్లనే నమ్ముకున్న నిపుణులు మొదట చెప్పిన బాధ దగ్గరే ఆగిపోతుంటారు. అల్లరి పిల్లవాడి దిగులు, క్లాసులో ఫస్టు వచ్చే అమ్మాయికి చచ్చిపోవాలనిపించడం, అడగందే బయటికి రావు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని పెద్దల భయం. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థులపై చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం ఆ భయాన్ని తీర్చింది: ఆత్మహత్య గురించి ఎవరిని అడిగారో వారిలో రెండు రోజుల తర్వాత కూడా బాధ గానీ, ఆ ఆలోచన గానీ పెరగలేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్లవారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలిందీ వరస ప్రశ్నల వల్లే. అయితే ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు కాబట్టి ఇక్కడి పిల్లల్ని మనమే అడగాలి.

కొల్లేటి లంకల్లో పిల్లవాడు పెద్దవాళ్లు ఏమడిగినా "అవునండి" అంటాడు, ఇక కాగితం ఏం తేలుస్తుందని అడగొచ్చు. బలమైన అభ్యంతరమే. దీనికి జవాబు అమెరికాలో మైకేల్ లాంబ్ బృందం 1990లలో, వేధింపులకు గురైన పిల్లలతో మాట్లాడేందుకు తయారుచేసిన పద్ధతిలో ఉంది. ముందు పిల్లలకు ఇష్టమైన సంగతులు మాట్లాడాలి. తర్వాత "జరిగిందంతా చెప్పు" అని ఊరుకోవాలి. అవును, కాదు అనిపించే ప్రశ్నలు చివరికి మాత్రమే. ఇదంతా కాగితంలోనే ఉంటుంది. ఆ పద్ధతి పాటించినవారు జవాబు అందించే ప్రశ్నలు తగ్గించారు. పర్యవేక్షణ ఆగిపోగానే మళ్లీ పాత అలవాటుకే జారారు. స్వేచ్ఛగా మాట్లాడనివ్వడం కూడా క్రమశిక్షణ లేకుండా నిలవదన్నమాట. అంత తీరిక ఎక్కడిదంటారా, అందరినీ అడగడానికి నాలుగు ప్రశ్నలు చాలు. గంటసేపు కూర్చోవడం అవసరమైనవారి కోసం.

2023లో మొదలైన ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఈ పని తలకెత్తుకోవాలి. ప్రశ్నలు ఇక్కడి మాటతీరులో రాయించి, లంక గ్రామాల పిల్లలకు అర్థమవుతున్నాయో లేదో చూసి, బడుల్లో కౌన్సెలర్ల చేతికివ్వాలి.