చీపురు చివర ఎక్కాలి

ఆడి పద్దెనిమిది దగ్గర పడుతుందంటే మా ఇంట్లో అందరూ పేపర్లో ఒకే అంకె వెతుకుతారు. బిలిగుండ్లు దగ్గర కావేరిలో ఎన్ని క్యూసెక్కులు? కర్ణాటక నుంచి తమిళనాడులోకి దిగే నీటిని కేంద్ర జల సంఘం వాళ్ళు కొలిచేది అక్కడే. కొడగులో వానలు పట్టి, కబిని, కృష్ణరాజసాగర్ గేట్లు ఎత్తారంటే అంకె లేస్తుంది. అది బాగా లేచిందా, హొగేనకల్‌లో స్నానాలు ఆపేస్తారు, పుట్టీలు ఒడ్డెక్కుతాయి. ధర్మపురి నుంచి హొగేనకల్ 46 కిలోమీటర్లు. ఆ కాస్త దూరానికి మేము సర్దే సామాను చూసి పక్కింటివాళ్ళు కాశీకా అని అడుగుతారు.

మేము ఉగాది చాంద్రమానం ప్రకారమే చేసుకుంటాం గానీ కావేరి పండుగకు మాత్రం తమిళ సౌరమాసమే లెక్క. ఆడి నెల పద్దెనిమిదో రోజు, ఆగస్టు 2 గానీ 3 గానీ అవుతుంది. కొత్తనీటికి పసుపు కుంకుమ పెట్టి, ఆడవాళ్ళు మెడలో పసుపుతాడు మార్చుకుని, చిత్రాన్నం, పులిహోర, కొబ్బరన్నం, పెరుగన్నం ఏటి ఒడ్డునే తినేసి వచ్చే పండుగ. మా చుట్టాలు పాలక్కోడు, మారండహళ్ళి, కృష్ణగిరి వైపు నుంచి వస్తారు. ఎవరి వ్యాను వాళ్ళదే. నాలుగు వ్యాన్లనూ వెనక తలుపులు ఎదురెదురుగా వచ్చేలా నిలబెట్టి, పైన టార్పాలిన్ కడితే నడుమ ఉన్న జాగా ఆ రోజుకు మా నట్టిల్లు. పాలక్కోడు వ్యానులో టమాటాలు, మా వ్యానులో చింతపండు, కృష్ణగిరివాళ్ళ దగ్గర సీజను చివరి మామిడిపళ్ళు. ఏ వ్యానులో ఏముందో పిల్లలకు దిగకముందే తెలుసు.

బండినే ఇల్లు చేసుకోవడం మా ఒక్కరిదే కాదు. కారవాన్ అంటే మనకు షూటింగులో హీరో కూర్చునే బండి. ఇంగ్లండులో అది మామూలు సంసారుల బండి. గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు 1885లో ‘వాండరర్’ అనే ఇల్లులాంటి గుర్రబ్బండి చేయించుకుని స్కాట్లండు దాకా పోయాడు. 1907లో అక్కడ ఒక కారవాన్ క్లబ్బు పుట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. పండుగలకు సభ్యులు తమ తమ బండ్లతో ఒకచోట చేరుతుంటారు. ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మా అవ్వ గూడుబండి కళ్ళముందు కదిలింది.

మా అవ్వది పెన్నాగరం పక్క పల్లె. వెదురు బద్దలు వంచి, పైన చాప కప్పిన బండి. బండి సర్దేటప్పుడు ఆమె మరొకరి చెయ్యి తగలనిచ్చేది కాదు. ముందు అడుగున గడ్డి, జానెడు మందం. పోయేటప్పుడు అది మా పరుపు, ఆగినాక ఎద్దుల మేత. తిరిగి వచ్చేటప్పటికి పరుపు సగం కరిగి ఉండేది, ఇరుసు దెబ్బలు నడుముకు తగిలేవి. బియ్యం మూట, ఇత్తడి గుండిగ సరిగ్గా ఇరుసు మీద. అక్కడ తప్పితే బరువు మరెక్కడా పెట్టనిచ్చేది కాదు. ముందుబరువైతే ఎద్దుల మెడలు కందిపోతాయి. వెనకబరువైతే కాడి పైకి లేచి, మెడతాడు గొంతుకు బిగుస్తుంది. హొగేనకల్‌కు దిగే కనుమ దగ్గర మా తాత నొగ మీద చెయ్యి వేసి నడుస్తూ, “వెనక్కి జరగండ్రా పిల్లోళ్ళూ” అనేవాడు. మా బరువు వెనక్కి పోతే ఎద్దుల మీద భారం తగ్గేది. తిరుగు ప్రయాణంలో ఎక్కుడు వస్తే, “ఇంక ముందుకు రాండి.” మేము ఆట అనుకునేవాళ్ళం. తూకపురాళ్ళం మేమేనని పెద్దయ్యాక గానీ తెలియలేదు.

కారుకు తగిలించి లాగే కారవాన్‌కూ ఇదే లెక్క. మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ముందు కొక్కెం మీద ఉండేలా సర్దుకోవాలంటారు. తోక బరువైతే వేగంలో బండి పాములా ఊగి, లాగే కారును కూడా పడేస్తుంది. ఏ కొలతా లేని మా తాత కాడి కింద వేలు పెట్టి చూసి చెప్పేవాడు.

నేను మొదటిసారి వ్యాను సర్దినప్పుడు తొందరలో నీళ్ళ క్యాన్లన్నీ వెనక తలుపు దగ్గరే పేర్చేశాను. దిగగానే అందుతాయని నా ఆలోచన. కనుమ మలుపుల్లో వెనక భాగం విసురుగా ఊగింది, లోపల ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. మా చిన్నాయన వ్యాను ఆపించి, దిగి, తలుపు తీసి చూసి ఒకటే అన్నాడు: “అవ్వ ఉంటే నిన్ను నడిపించి తీసుకొనిపోయుండు.” క్యాన్లన్నీ నడుముకు మార్చాం. ఆ రోజు భయం ఇంకా ఉంది నాలో. అందుకే మినీ లారీల్లో జనాన్ని నింపుకుని కనుమ దిగేవాళ్ళను చూస్తే కడుపులో తిప్పుతుంది. సరుకుల బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం ఉంది. పోలీసులు దింపేస్తే పండుగ చెడిందని కోపం తెచ్చుకోకండి. ఒక వ్యాను బాడుగ ముగ్గురు పంచుకుంటే మోయలేనంత ఏమీ కాదు.

2024లో బిలిగుండ్లు అంకె లక్షన్నర క్యూసెక్కులు దాటింది. జులై 30న మేట్టూరు డ్యాము 120 అడుగులూ నిండింది. ఆగస్టు 3న మేము బయలుదేరామే గానీ ఏటి దగ్గరికి పోనివ్వలేదు. పెన్నాగరం దారిలో ఒక చింతతోపు చూసుకుని ఆగాం. పిల్లల మొహాలు వాడిపోయాయి. ఏరే లేకపోతే ఇంక పూజ ఎవరికి? అప్పుడు మా అత్త వ్యానులోని నీళ్ళ క్యాను కిందికి దింపించింది. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మెడకు పూలదండ చుట్టింది. “మన కొళాయిలో వొచ్చేది మాత్రం ఎవురు? ఆయమ్మే గదా!”

నిజమే. మా ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. పసుపుపచ్చగా గారపట్టిన పళ్ళు మా తరంలో ఎన్నో చూశాను. జపాను సంస్థ జైకా అప్పుతో కట్టిన హొగేనకల్ తాగునీటి పథకం 2013లో మొదలయ్యాక కావేరి నీళ్ళు మా కొళాయిల్లోకి వచ్చాయి. ఏడాది పొడుగునా తాగుతూ ఒక్కరోజు దండం పెట్టడానికి మాత్రం కనుమ దిగి పోతున్నాం. మా అత్త చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు. ఆడవాళ్ళు ఆ క్యాను ముందే పసుపుతాళ్ళు మార్చుకున్నారు. చింతచెట్ల కింద మూడు రాళ్ళ పొయ్యి మీద టమాటా పులుసు ఉడికింది. దారిలో వెనక్కి తిరిగి వచ్చిన ఇంకో రెండు కుటుంబాలు మా పక్కనే బండ్లు ఆపుకుని, టార్పాలిన్ ఒక కొస పట్టుకున్నాయి. పేర్లు అడగకముందే విస్తళ్ళు వేశాం.

చీకటి పడేముందు బయలుదేరాం. అన్నీ ఎక్కాక చీపురు ఎక్కాలని మా అవ్వ పెట్టిన నియమం. ఆగిన చోట మొదట కావలసిందీ అదే, వదిలి వచ్చేటప్పుడు చివరగా కావలసిందీ అదే. మా అమ్మాయి పొయ్యిరాళ్ళ మీద నీళ్ళు చల్లి, బూడిద ఒకవైపు నెట్టి, విస్తళ్ళు గోనెసంచిలో కుక్కి, తోపంతా ఊడ్చింది. వ్యాను కదులుతుండగా కిటికీలోంచి చీపురు నా చేతికి అందించి ఎక్కింది.